కొత్త కెర్నల్ పక్కన పాతదాన్ని ఉండనివ్వండి

ప్రశ్న: మా గ్రంథాలయంలోని కంప్యూటర్లో డెబియన్ 12 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తోంది. వారానికోసారి ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’, దాని వెంట ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ ఇస్తున్నాను. మిగతావన్నీ తాజా అవుతున్నాయి గానీ ‘లినక్స్-ఇమేజ్-ఏఎండీ64’ మాత్రం ఎప్పుడూ ‘కెప్ట్ బ్యాక్’ (ఆపి ఉంచినవి) జాబితాలోనే కనిపిస్తోంది. బలవంతంగా ఎక్కిస్తే కంప్యూటర్ మళ్లీ తెరుచుకోదేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు)

జవాబు: మీ కంప్యూటర్లో లోపమేమీ లేదు. అయితే కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్‌ మూలభాగానికి) వచ్చే భద్రతా సవరణలు మీకు అందకుండా పోతున్నాయి కాబట్టి ఈ పని వాయిదా వేయకండి.

‘లినక్స్-ఇమేజ్-ఏఎండీ64’లో కెర్నల్ ఉండదు, తాజా కెర్నల్ ప్యాకేజీ ఏదో చెప్పి, దాన్ని తెప్పించడమే దాని పని. అసలు కెర్నల్ పేరులోనే వెర్షన్ సంఖ్య కలిసి ఉంటుంది. అందువల్ల ‘లినక్స్-ఇమేజ్-6.1.0-18-ఏఎండీ64’ ఉన్నచోటికి 6.1.0-21 వచ్చినప్పుడు, ప్యాకేజీ మేనేజర్ దాన్ని పాతదాని సవరణగా కాక, ఇంతవరకు మీ దగ్గర లేని మరో ప్యాకేజీగా చూస్తుంది. ‘ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్’ కొత్త ప్యాకేజీలను చేర్చదు కనుక అక్కడే ఆగిపోతుంది. దానికి బదులు ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఇవ్వండి. అది అవసరమైన కొత్త ప్యాకేజీలను చేరుస్తుంది, ఉన్నవాటిని తొలగించదు. ‘ఫుల్-అప్‌గ్రేడ్’ అవసరమనుకుంటే కొన్నింటిని తొలగించగలదు కాబట్టి, ఈ పనికి ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ మేలని నా అభిప్రాయం.

మీ భయానికి సమాధానం కూడా ఆ పేరులోనే ఉంది. పేర్లు వేరు కావడం వల్ల కొత్త కెర్నల్ పాతదాన్ని చెరిపివేయకుండా దాని పక్కనే చేరుతుంది. ప్యాకేజీ చివరి దశలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు కెర్నల్ మొదట వాడుకునే ఫైళ్ల మూట) తయారై, గ్రబ్ (ఏ కెర్నల్‌తో తెరవాలో ఎంచుకోనిచ్చే ప్రోగ్రామ్) జాబితా తిరిగి రాయబడుతున్నప్పుడు టెర్మినల్ వైపు చూడండి: ‘ఫౌండ్ లినక్స్ ఇమేజ్’ అన్న వరుస కొత్తదానికొకటి, పాతదానికొకటి కనిపించాలి. రెండూ కనిపించాయంటే, కొత్తది మొరాయించినా పాతదానితో తెరుచుకునే దారి ఉన్నట్లే. అప్పుడు గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత సంఖ్యను ఎంచుకుంటే సరిపోతుంది.

మొదలుపెట్టే ముందు ‘డీఎఫ్ -హెచ్ /బూట్’ ఇచ్చి, కెర్నల్ ఫైళ్లు ఉండే ఆ ఫోల్డర్‌కు ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. బూట్‌కు వేరే విభాగం కేటాయించిన కంప్యూటర్లలో అది చిన్నదిగా ఉంటుంది. ఒక్కో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పదుల మెగాబైట్లు ఆక్రమిస్తుంది. ఒకసారి నా కంప్యూటర్లోనే ఆ విభాగం నిండిపోయి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగిపోయింది. ఆ స్థితిలో రీస్టార్ట్ చేయకూడదు. ముందు వాడుకలో లేని పాత కెర్నల్ ప్యాకేజీని ఆప్ట్ ద్వారా తొలగించి, ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’తో ఆగిన పనిని పూర్తి చేయాలి. స్థలం కోసం బూట్‌లోని ఫైళ్లను చేత్తో తుడిచేస్తే ప్యాకేజీ మేనేజర్ లెక్క తప్పుతుంది.

ఎన్‌విడియా డ్రైవర్ వంటివి డీకేఎంఎస్ (ప్రతి కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌ను తిరిగి తయారుచేసే సాధనం) ద్వారా పెట్టుకుని ఉంటే, ‘లినక్స్-హెడర్స్-ఏఎండీ64’ కూడా ఉండాలి. లేకపోతే కొత్త కెర్నల్‌కు ఆ డ్రైవర్ తయారుకాదు.

ప్యాకేజీ ఎక్కినంత మాత్రాన కొత్త కెర్నల్ నడవడం మొదలుకాదు. రీస్టార్ట్ చేసి ‘యూనేమ్ -ఆర్’ ఇచ్చి సంఖ్య మారిందో లేదో చూడండి. నెట్‌వర్క్, ప్రింటర్, శబ్దం సరిగా పనిచేస్తున్నాయని కొన్ని రోజులు గమనించాకే ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ ఇవ్వండి. అదైనా అప్పుడు నడుస్తున్న కెర్నల్‌ను ముట్టుకోదు.