ఏఐ బొమ్మ ఫ్లెక్స్ మీద ఎందుకు మసకబారుతుంది? పాఠకుల సందేహాలకు జవాబులు

ప్రశ్న: కడప ఏడు రోడ్ల దగ్గర మాది ఫ్లెక్స్ షాపు. ఇప్పుడు ప్రతివాళ్లూ ఏఐతో బొమ్మ చేసుకుని వాట్సాప్‌లో పంపి, 12×8 అడుగులకు వేయమంటున్నారు. ఫోన్లో మెరిసే బొమ్మ ప్రింటులో అలుక్కుపోతోంది. పేర్లలో వత్తులు తప్పులు. తిట్లు మాత్రం మాకు. దారేమైనా ఉందా?
– ఒక డిజైనర్, కడప

జవాబు: ప్రింటర్ తప్పేం లేదు, లెక్క చూడండి. ఏఐ యాప్‌లు మామూలుగా ఇచ్చే బొమ్మ వెడల్పు 1,024 నుంచి 1,536 పిక్సెళ్లు. 12 అడుగులంటే 144 అంగుళాలు. 1,536ను 144తో భాగిస్తే అంగుళానికి పదో, పదకొండో పిక్సెళ్లు వస్తాయి. ఎన్ని ఉంటే చాలన్నది చూసే దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి, 3,438ని దానితో భాగించండి. మామూలు కంటిచూపుకు అంగుళానికి అన్ని పిక్సెళ్లు సరిపోతాయి. 20 అడుగుల దూరానికి 14 వస్తుంది, 7 అడుగులకు 41. రోడ్డుకు అవతల కట్టేదానికీ, కల్యాణ మండపం గుమ్మంలో నిలబెట్టేదానికీ ఒకే ఫైలు పనికిరాదన్నమాట.

ముందు అసలు ఫైలు తెప్పించుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. తర్వాత నాలుగు రెట్లు అప్‌స్కేల్ చేయండి, అంటే సాఫ్ట్‌వేర్‌తో పిక్సెళ్లు పెంచండి. నెట్ లేకుండా నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి, కాకపోతే కంప్యూటర్లో ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. 1,536 కాస్తా 6,144 అవుతుంది, అంగుళానికి 42. గుమ్మం దగ్గరికీ సరిపోయింది. బాగుంది కదా అని ఇంకో నాలుగు రెట్లు పెంచకండి. లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది కాబట్టి చర్మం మైనం పూసినట్టవుతుంది, చిన్న ముఖాలకు కొత్త ముక్కులు మొలుస్తాయి. మన ఫ్లెక్సుల అడుగున వరసగా ఇరవై తలకాయలు ఉండనే ఉంటాయి. వాటిని ఈ పనిలోకి లాగొద్దు. వెనక బొమ్మను మాత్రమే పెంచి, మనుషుల అసలు ఫొటోలు ఆ తర్వాత అతికించండి.

ఇక అక్షరాలు. ఈ యాప్‌లు అక్షరాన్ని టైపు చేయవు, బొమ్మలాగే గీస్తాయి. కొత్తవి కాస్త మెరుగే. అయినా ‘శ్రీ’ చక్కగా రాసి ‘జ్యోత్స్న’ దగ్గర బోల్తా పడతాయి. అందుకే బొమ్మ అడిగేటప్పుడే ‘అక్షరాలు వద్దు, పైన మూడో వంతు ఖాళీగా వదులు’ అని చెప్పాలి. పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు మీరే కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో టైపు చేయండి. ఎంత పెంచినా వాటి అంచు చెదరదు. ఫొటోషాప్‌లో యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదివే అక్షర సంకేతాల పద్ధతి) తెలుగు వత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగం తెరిచి, టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక కనిపిస్తే దాన్ని వరల్డ్ రెడీకి మార్చండి. పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. ఫొటోషాప్ మూసి తెరిచాక కొత్త ఫైలు మొదలుపెట్టండి. రామభద్ర, రవిప్రకాష్ లాంటి లావుపాటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

రంగు విషయం ఒక్క మాట. ఏఐ ఇష్టపడే నియాన్ నీలం, చిలకపచ్చ సిఎంవైకే సిరాలో (ప్రింటర్ వాడే నాలుగు రంగుల సిరా) రావు. ఫొటోషాప్‌లో కంట్రోల్+వై కొట్టి, మందగించిన ఆ రంగును కస్టమర్‌కు ముందే చూపించండి. పేర్ల స్పెల్లింగ్‌కు వాట్సాప్‌లోనే ‘ఓకే’ రాయించుకున్నాకే ప్రింటుకు వదలండి.

ప్రశ్న: మా చిన్న మాసపత్రిక పాత సంచికలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో పెడదామంటే ఇంగ్లిషు గజిబిజి కనిపిస్తోంది. గూగుల్‌లోనూ దొరకడం లేదు.
– ఒక సంపాదకుడు, రాజంపేట

జవాబు: పాత అను ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది ఆ ఇంగ్లిషే. గూగుల్‌కైనా ఏఐకైనా కనిపించేది అదే. యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. ఆన్‌లైన్‌లో కన్వర్టర్లున్నాయి, ఒక్కో పేజీ పాఠం అతికించి మార్చుకోవచ్చు.

మార్చాక ప్రూఫ్ చూడటమే అసలు పని. యూనికోడ్‌లో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం, ఈ వరసలో ఆరు సంకేతాలు. అను పద్ధతిలో ఆకారాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి. ఆ వరస తిరగేసేటప్పుడు తేడా వస్తే గుడి ఒకచోట, వత్తు ఒకచోట పడతాయి. రెండు మూడు వత్తులున్న మాటలను ముందు వెతకండి. ఇంకొకటి, ‘కార్డ్‌లు’ అన్నది ‘కార్డ్లు’గా మారిపోతుంది. పొల్లు తర్వాత ఉండాల్సిన, కంటికి కనబడని జడ్.డబ్ల్యు.ఎన్.జె. అనే గుర్తు లేకపోవడమే కారణం. ఇంగ్లిషు మాటలు ఎక్కువున్న వ్యాసాల్లో ఇది పేజీకి పదిసార్లు తగులుతుంది.

ఫైళ్లు పోయి అచ్చు ప్రతులే మిగిలితే 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు బాగానే చదువుతుంది. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఈ కాలమ్ వాక్యం ఆ కాలమ్‌లో కలుస్తుంది, స్కాన్‌ను నిలువునా రెండుగా కత్తిరించి ఇవ్వండి.

ప్రశ్న: దసరాకు ప్రొద్దుటూరులో కట్టిన మా బ్యానర్ మీద క్యూఆర్ కోడ్ చాలా ఫోన్లలో తెరుచుకోలేదు. మెరూన్ మీద బంగారు రంగులో వేయించాం.
– ఒక వస్త్ర వ్యాపారి

జవాబు: రంగు దగ్గరే దెబ్బతిన్నారు. వెనక లేత రంగు, గడులు ముదురు రంగు ఉండాలి. తిరగేస్తే కొన్ని ఫోన్లు చదవవు. కోడ్ చుట్టూ నాలుగు గడుల మేర తెల్లటి ఖాళీ వదలాలి, డిజైనర్లు అందం కోసం కోసేసేది దాన్నే. కొలతకు మోటు లెక్క దూరంలో పదో వంతు. 10 అడుగుల నుంచి స్కాన్ చేయాలంటే కోడ్ అడుగు వెడల్పు ఉండాలి. మధ్యలో లోగో పెట్టేటట్టయితే ఎర్రర్ కరెక్షన్ ‘హెచ్’ ఎంచుకోండి. సుమారు 30 శాతం చెడినా చదువుతుంది, అయితే గడులు పెరుగుతాయి కాబట్టి లింకు పొట్టిగా ఉండాలి. ‘డైనమిక్’ (లింకును తర్వాత మార్చుకోగలిగే రకం) అని ఉచితంగా ఇచ్చే కోడ్‌లు కొన్ని ట్రయల్ గడువు దాటగానే ఆగిపోతాయి. మారని లింకుకు స్టాటిక్ కోడే మేలు.

ప్రశ్న: మాది నగల షాపు. మోడల్‌కు, ఫొటోగ్రాఫర్‌కు ఖర్చు లేకుండా ఏఐ అమ్మాయి మెడలో మా హారాలు చూపించొచ్చా? వాట్సాప్‌లో పంపితే అందరికీ చేరడం లేదు కూడా.
– ప్రొద్దుటూరు

జవాబు: చూపించొచ్చు, కానీ హారాన్ని మాత్రం ఏఐ చేత గీయించకండి. కాసులపేరు ఇస్తే కాసుల సంఖ్య మారుస్తుంది, పచ్చ ఉన్నచోట కెంపు పెడుతుంది, కొక్కెం మాయం చేస్తుంది. కస్టమర్ ఫోన్ పట్టుకొచ్చి ‘ఇదే కావాలి’ అంటే ఆ నగ మీ బీరువాలో ఉండదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగకు అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (గుర్తింపు సంఖ్య) తప్పనిసరి, ఒక్కో నగకు ఒక్కోటి. ఏఐ హారానికి అది ఎక్కడిది? అసలు నగను తెల్లటి గుడ్డ మీద, కిటికీ పక్క వెలుతురులో తీసి, నగను మాస్క్ చేసి (మార్పు తగలకుండా కప్పి) వెనక దృశ్యాన్ని మాత్రమే మార్చండి. బరువు, స్వచ్ఛత కింద టైపు చేయండి. సినిమా తారల ముఖాలు, పోలికలు అనుమతి లేకుండా వాడొద్దు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే పరిమితి. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. బిల్లు ఇచ్చేటప్పుడే కౌంటర్ దగ్గర నంబరు సేవ్ చేయించండి.

ప్రశ్న: మా యూట్యూబ్ వార్తల ఛానల్‌కు ఏఐ గొంతు వాడుతున్నాం. ఊర్ల పేర్లు, అంకెలు తప్పు పలుకుతోంది.
– జమ్మలమడుగు

జవాబు: స్క్రిప్టులో అంకెలు వద్దు. ‘2.5 ఎకరాలు’ బదులు ‘రెండున్నర ఎకరాలు’ అని రాయండి. పొడి అక్షరాలను ‘వై ఎస్ ఆర్’ అని విడదీయండి. ఊరి పేరు తప్పు పలికితే పలకాల్సినట్టుగా అక్షరాలు మార్చి రాయండి, తెర మీద మాత్రం సరైన పేరే వేయండి. నిజమైన మనిషి గొంతును అనుకరించినా, జరగనిది జరిగినట్టు చూపినా, అప్‌లోడ్ సమయంలో యూట్యూబ్ అడిగే ‘ఆల్టర్డ్ కంటెంట్’ (మార్చిన లేదా కృత్రిమంగా చేసిన దృశ్యం, శబ్దం ఉందా) ప్రశ్నకు ‘అవును’ అని పెట్టాలి. 2024 మార్చి నుంచి ఈ నిబంధన ఉంది.