అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ మాటిమాటికీ క్రాష్ అవుతోంది, ఫార్మాట్ చేసేయాలా?

మీరు రాసింది ఇదీ: విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు బ్లూ స్క్రీన్ వచ్చి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. అప్‌డేట్ తీసేస్తే రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. తెలిసినవాళ్లంతా ఫార్మాట్ చేయమంటున్నారు, చేయాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. సరిగ్గా ఇదే వరసలో నేను మూడు వారాలు అవస్థ పడ్డాను. అప్‌డేట్ తీసేశాను, రెండు రోజులు హాయిగా నడిచింది, మూడో రోజు మళ్లీ పడిపోయింది. ఫార్మాట్ చేశాను. కొత్తగా ఎక్కించిన విండోస్ కూడా ఆ సాయంత్రమే క్రాష్ అయింది. తప్పు అప్‌డేట్‌లో లేదు, ర్యామ్‌లో ఉంది. పైగా ఫార్మాట్‌తో ఆ సంగతి నాకు ముందే చెప్పగలిగిన రికార్డు మొత్తం చెరిగిపోయింది. మీ దగ్గర ఆ రికార్డు ఇంకా ఉంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ ఫైళ్లు. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మధ్యలో క్రాష్ అయిపోతుంటే సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ అత్యవసరమైనవి మాత్రమే లోడ్ చేసుకుని నడిచే పద్ధతిలో చేయండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే ట్రబుల్‌షూట్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అని వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్. కానీ దానికి ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీ మెనూలోకి వెళ్లినప్పుడో, బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మెషీన్ సొంత సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చినప్పుడో 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డేటా మీకే అందదు. మామూలుగా అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. కాపీ అయ్యాక నాలుగైదు పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి. ర్యామ్ చెడిపోయి ఉంటే కాపీలోనే ఫైలు పాడయ్యే అవకాశం ఉంది, కాబట్టి అసలు ఫైళ్లను అప్పుడే డిలీట్ చేయకండి.

ఇప్పుడు ముఖ్యమైన పని. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేయండి. ‘వ్యూ రిలయబిలిటీ హిస్టరీ’ అని వస్తుంది. అది తెరిస్తే తేదీలవారీగా ఒక చార్ట్ కనిపిస్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ ఆగిపోయిన రోజున, విండోస్ పడిపోయిన రోజున ఎర్రటి గుర్తు ఉంటుంది. అప్‌డేట్లు, కొత్తగా ఎక్కించిన సాఫ్ట్‌వేర్లు కూడా అదే చార్ట్‌లో తేదీతో సహా ఉంటాయి. మీరు చూడాల్సింది ఒక్కటే: మొదటి ఎర్ర గుర్తు అప్‌డేట్‌కు ముందు ఉందా, తర్వాత ఉందా?

నాకు ఈ సంగతి ఫార్మాట్ చేశాక తెలిసింది. అప్పటికి చార్ట్ ఖాళీ. కానీ ఫోన్‌లో మా తమ్ముడికి పంపిన పాత మెసేజ్ ఒకటి కనిపించింది. ‘బ్రౌజర్ ఊరికే మూసుకుపోతోంది, ఏం చేయాలిరా’ అని అడిగాను. దాని తేదీ చూస్తే అప్‌డేట్‌కు మూడు రోజుల ముందుది. ఇంకాస్త వెనక్కి వెళ్తే, అంతకు వారం ముందే మెషీన్‌లో రెండో ర్యామ్ స్టిక్ వేయించాను. అప్‌డేట్ అంటే స్క్రీన్ మీద పెద్దగా కనిపిస్తుంది కాబట్టి గుర్తుండిపోయింది. ర్యామ్ వేయించిన మాట మనసులో నుంచి జారిపోయింది. బ్రౌజర్ మూసుకుపోతే ఇంటర్నెట్ గొడవ అనుకుని వదిలేశాను.

మరి అప్‌డేట్ తర్వాతే ఎందుకు ఉధృతమైంది అంటారా? దానికి కారణాలు ఉంటాయి. అప్‌డేట్ సమయంలో పెద్ద పెద్ద ఫైళ్లను విప్పుతుంది, రాస్తుంది, సరిచూస్తుంది. మామూలు రోజుల్లో ముట్టుకోని మెమరీని కూడా వాడుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మనం షట్‌డౌన్ చేసినా విండోస్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే దాని లోపలి మూలభాగం, పూర్తిగా మూతపడదు. దాని స్థితి డిస్క్‌లో దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి లోడ్ అవుతుంది. అంటే అప్‌డేట్ కోసం అయిన రీస్టార్ట్ ఎన్నో వారాల తర్వాత జరిగిన మొదటి నిజమైన రీస్టార్ట్ కావచ్చు. ఈలోగా పోగుపడిన మార్పులన్నీ ఆ రోజే బయటపడతాయి, పేరు మాత్రం అప్‌డేట్‌కు వస్తుంది.

అలాగని అప్‌డేట్లు ఎప్పుడూ నిర్దోషులు అనడం లేదు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు వచ్చిన ప్యాచ్‌తో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లున్న కొన్ని పాత మెషీన్లు అసలు బూట్ కాలేదు, వాటికి ఆ ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నాళ్లు ఆపేసింది. అదే ప్యాచ్ కొన్ని యాంటీవైరస్‌లతో పడక బ్లూ స్క్రీన్లు వచ్చాయి. ఆ యాంటీవైరస్‌లు కెర్నల్ మెమరీలోకి అనుమతి లేని దారిలో చేతులు పెట్టేవి, ప్యాచ్ ఆ దారి మార్చేసింది. ఇక 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది కదా. విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో స్క్రీన్లు నీలంగా మారిపోయాయి. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. అది విండోస్ అప్‌డేటే కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక ఫైలు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేస్తే మెషీన్ లేచింది. కాబట్టి మీ మెషీన్‌లో యాంటీవైరస్, వీపీఎన్, డిస్క్ బ్యాకప్ టూల్ లాంటివి ఉంటే అవీ అనుమానితుల జాబితాలో ఉండాలి. ఇవన్నీ కెర్నల్ లోపల పనిచేసే డ్రైవర్లు పెట్టుకుంటాయి. డ్రైవర్ అంటే విండోస్‌కు, హార్డ్‌వేర్‌కు లేదా ఇలాంటి టూల్‌కు మధ్య పనిచేసే చిన్న ప్రోగ్రామ్.

చార్ట్ చూశాక స్టాప్ కోడ్‌లు, అంటే క్రాష్ ఏ రకమో చెప్పే పేర్లు, పట్టుకోండి. బ్లూ స్క్రీన్ మీద, కొత్త వెర్షన్లలో అయితే నల్ల స్క్రీన్ మీద, కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదివేలోగా రీస్టార్ట్ అయిపోతోంది అంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గర టిక్ తీసేయండి. ఇక స్క్రీన్ అలాగే నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. క్రాష్ వివరాలు సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అనే ఫోల్డర్‌లో కూడా పడుతుంటాయి. నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత టూల్‌తో వాటిని తెరవచ్చు. ఇంకా లోతుగా కావాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లదే విన్‌డీబీజీ ఉంది.

నా అనుభవంలో అన్నిటికంటే ఉపయోగపడిన ఆనవాలు ఇదీ. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ ఫైలు పేరు కనిపిస్తుంటే డ్రైవర్‌ను అనుమానించాలి. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ఇంకోసారి ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’, మరోసారి ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని పూటకో కోడ్, రోజుకో ఫైలు పేరు వస్తుంటే హార్డ్‌వేర్ మీద, ముఖ్యంగా ర్యామ్ మీద అనుమానం పెంచుకోవాలి. నాకు ఐదు క్రాష్‌లలో నాలుగు వేర్వేరు కోడ్‌లు వచ్చాయి. మొదట్లో ఒక్కో కోడ్‌కు ఒక్కో పరిష్కారం వెతుక్కుంటూ ఎన్ని రాత్రులు పోగొట్టుకున్నానో. అన్నిటినీ పక్కపక్కన రాసి చూసిన రోజే విషయం అర్థమైంది.

విండోస్ తన సంఘటనలను రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘కెర్నల్ పవర్ 41’ అని ఒక ఎర్రటి ఎంట్రీ ఉంటుంది. పవర్ అనే మాట చూసి పవర్ సప్లై పోయిందని మార్చేసినవాళ్లు ఉన్నారు. అది చెప్పేది కిందటిసారి సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఎందుకు కాలేదో అందులో ఉండదు. అయితే బ్లూ స్క్రీనే లేకుండా, డంప్ ఫైలు కూడా పడకుండా ఠక్కున ఆరిపోతుంటే అప్పుడు పవర్ సప్లై, వేడి, ఫ్యాన్‌లో దుమ్ము చూడాలి. ‘WHEA-Logger’ పేరుతో ఎంట్రీలు ఉంటే హార్డ్‌వేర్ తన తప్పు తానే రిపోర్ట్ చేస్తున్నట్టు.

డ్రైవర్ సంగతికి మా తమ్ముడి ల్యాప్‌టాప్ మంచి ఉదాహరణ. వాడిదీ అప్‌డేట్ తర్వాతే మొదలైంది, కానీ వాడికి ప్రతిసారీ ఒకే కోడ్, ప్రతిసారీ వైఫై డ్రైవర్ ఫైలు పేరే. చార్ట్‌లో అప్‌డేట్‌కు ముందు ఒక్క ఎర్ర గుర్తు లేదు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కాడు. పది నిమిషాల పని. ఆ బటన్ వెలగకపోతే ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఒకేసారి అప్‌డేట్ చేస్తామనే టూల్స్ మాత్రం దయచేసి వాడకండి. ఒక అనుమానితుడి స్థానంలో ఇరవై మందిని తెచ్చి పెడతాయి.

ర్యామ్ అనుమానం ఉంటే విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి, కానీ అది బాగుందని చెప్పినా నమ్మేయకండి. నాకు అది ఏ తప్పూ లేదనే చెప్పింది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష టూల్ రాత్రంతా నడిపితే రెండో రౌండ్‌లో ఎర్రటి వరసలు వచ్చాయి. ఇందులో ఒక్క ఎర్రర్ వచ్చినా బాగాలేనట్టే. మెషీన్ ఆపి, ప్లగ్ తీసి, ఒక్కో స్టిక్‌నే ఉంచి మళ్లీ పరీక్షించాను. తప్పు వచ్చిన స్టిక్‌ను రెండో స్లాట్‌లో పెట్టి చూసినా తప్పే వచ్చింది, అంటే లోపం స్టిక్‌ది. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పులు వస్తే లోపం బోర్డుది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే ఇలా విడదీయడం కుదరదు, టెస్ట్ ఫలితం ఫోటో తీసుకుని సర్వీస్‌కు వెళ్లాలి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లాంటి ప్రొఫైల్ పెట్టి ర్యామ్ వేగం పెంచి ఉంటే ముందు దాన్ని మామూలు వేగానికి దించి చూడండి. ఒక్కోసారి స్టిక్ మంచిదే, ఆ వేగం తట్టుకోలేదు అంతే.

చెడ్డ స్టిక్ తీసేశాక కూడా నాకు చిన్న చిన్న ఇబ్బందులు మిగిలాయి. చెడ్డ ర్యామ్‌తో ఎక్కించిన విండోస్ కాబట్టి కొన్ని సిస్టమ్ ఫైళ్లు పాడుగానే డిస్క్ మీద పడ్డాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డిస్మ్‌ను రిస్టోర్‌హెల్త్ ఆప్షన్‌తో, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడిపితే అవి బాగయ్యాయి. ఈ రెండు కమాండ్లూ అందరూ మొట్టమొదట చెప్తారు. హార్డ్‌వేర్ తప్పు ఉండగా వీటిని నడిపితే బాగుచేసిన ఫైలు మళ్లీ పాడవుతుంది, ఆ వరస గుర్తుంచుకోండి. అలాగే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్‌తో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఒకసారి చూడండి, దాని ఫర్మ్‌వేర్‌కు (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్‌కు) అప్‌డేట్ ఏదైనా ఉంటే వేయండి.

మీ చార్ట్‌లో మొదటి ఎర్ర గుర్తు కచ్చితంగా అప్‌డేట్ తర్వాతే ఉండి, డ్రైవర్ పేరు ఏదీ బయటపడకపోతే అప్పుడు అప్‌డేట్‌నే పట్టుకోండి. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు, విండోస్ తెరుచుకోకపోతే రికవరీ మెనూ నుంచీ చేయొచ్చు. వెర్షనే మారే పెద్ద అప్‌డేట్ అయితే వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు, ఆలస్యం చేయకండి. తీసేశాక కొన్ని వారాలు పాజ్ చేయండి, లేకపోతే అదే మళ్లీ ఎక్కి కూర్చుంటుంది. పాజ్‌ను శాశ్వతం చేయకండి, అందులో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఉంటాయి.

ఏది చేసినా ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చింది, తేదీ, టైమ్ ఒక కాగితం మీద రాయండి. మీకు క్రాష్ రోజుకు మూడు నాలుగు సార్లు వస్తోంది కాబట్టి ఒక మార్పు పనిచేసిందో లేదో తేల్చడానికి కనీసం నాలుగైదు రోజులు ఇవ్వండి. రెండు రోజులు బాగుండగానే నయమైందనుకోవడం వల్లే నేను వారం పోగొట్టుకున్నాను. మీకు అప్‌డేట్ తీశాక వచ్చిన ఆ రెండు రోజులు కూడా అలాంటివే అయి ఉండొచ్చు.

ఈ రాత్రికి బ్యాకప్ తీసుకుని, ఆ చార్ట్ తెరిచి చూడండి. మొదటి ఎర్ర గుర్తు ఏ తేదీన ఉంది, అప్‌డేట్ ఏ తేదీన పడింది, చివరి మూడు నాలుగు క్రాష్‌ల స్టాప్ కోడ్‌లు ఏమిటి, గత రెండు నెలల్లో మెషీన్‌లో కొత్తగా ఏం వేశారు, ఇవి నాలుగూ ఇక్కడే కింద రాయండి. చూసి ఎటు వెళ్లాలో చెప్తాను.