సొలెయాలో నాలుగు కార్డులే దిక్కా?

ప్రశ్న: నాలుగేళ్లుగా స్పెయిన్ సంగీతమైన ఫ్లమెంకో గిటార్ నేర్చుకుంటున్నాను. అందులో సొలెయా అనే పాటల రకం పాడేవాళ్లకి వాయించేటప్పుడు ఎ మైనర్, జి, ఎఫ్, ఇ... ఈ నాలుగు కార్డులనే, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులనే, అటూ ఇటూ తిప్పుతున్నాను. విసుగొచ్చి జాజ్ కార్డులు కలిపితే పాడే ఆవిడ చిరాకు పడుతున్నారు. సంప్రదాయం చెడకుండా కొత్తదనం తేవడం ఎలా?

జవాబు: ఆ చిరాకు నేనూ రుచి చూశానండీ. ఒకసారి గాయకుడు ఎఫ్ మీంచి ఇ మీదకి దిగుతున్నాడు. సరిగ్గా అక్కడే ఎఫ్ బదులు నేనో తెలివైన కార్డు వేశాను. ఆయన పాట ఆపలేదు, నా వైపు చూడలేదు. అయ్యాక మాత్రం, ‘కాలు పెట్టబోయే మెట్టు లాగేశావేమయ్యా’ అన్నాడు. పక్కవాద్యం గురించి నాకు ఇంతకంటే మంచి పాఠం ఎవరూ చెప్పలేదు.

సొలెయాలో ఇ మేజరే ఇల్లు, అంటే పాట చివరికి వచ్చి ఆగే చోటు. జాజ్ అలవాటున్న చెవి దాన్ని ఎ మైనర్‌కి వెళ్లే దారి అనుకుంటుంది. మీ పేచీ అక్కడే మొదలై ఉంటుంది. కాబట్టి కార్డుని మార్చే ముందు, ఉన్న కార్డు లోపల ఒకటి రెండు స్వరాలు మార్చి చూడండి.

ఎఫ్ తీసుకోండి. పూర్తి బారే (ఒకే వేలితో తీగలన్నీ అదమడం) వద్దు. ఆరో తీగ మొదటి ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) మీద చూపుడువేలు, అయిదు, నాలుగు తీగలు మూడో ఫ్రెట్‌లో, మూడో తీగ రెండో ఫ్రెట్‌లో. పైన సన్న తీగలు రెండూ వదిలేయండి. బి, ఇ స్వరాలు మోగుతాయి. ఇప్పుడు ఇ కార్డుకి దిగండి. ఆ రెండు తీగలు ఉన్నచోటే ఉంటాయి, కింద బరువు మాత్రం ఒక్క ఫ్రెట్ జారుతుంది. మెట్టు అక్కడే ఉంది, దాని రంగు మారిందంతే. పోర్ మెదియోలో, అంటే ఎ ఇల్లుగా వాయించేటప్పుడు, ఎ మేజర్ పట్టి మూడో తీగని రెండో ఫ్రెట్ నుంచి మూడో ఫ్రెట్‌కి జరపండి. బి ఫ్లాట్ వచ్చి గరగరమంటుంది. టాంగోస్ అనే ఫ్లమెంకో రకానికి అది ఎంత బాగా అతుకుతుందో!

ఇలాంటి రాపిడి ఈ సంగీతానికి కొత్తేం కాదు. తరాంతా అనే ఇంకో రకం ఎఫ్ షార్ప్ మీద కూర్చుని, వదిలేసిన తీగల రాపిడితోనే బతుకుతుంది. 1949లో పోయిన ఫ్లమెంకో గిటారిస్టు రమోన్ మొంతోయా, రొందేన్యా అనే రకం కోసం ఆరో తీగని డికి, మూడో తీగని ఎఫ్ షార్ప్‌కి దించి వాయించాడు. సంప్రదాయం అంటే నాలుగు కార్డులే అని మీకెవరు చెప్పారో గానీ!

బయటి కార్డు కావాలంటే ఎఫ్‌కి ముందు సి సెవెన్ పెట్టండి. పన్నెండు మాత్రల కంపాస్‌లో, అంటే తాళం ఆవృత్తిలో, 3 మీద ఎఫ్ రావాలంటే 1, 2లో అది సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: అందులో బి ఫ్లాట్ ఉంది. పాడే ఆవిడ అప్పుడు బి మీద నిలబడి ఉంటే ఆ అపస్వరం తప్పు ఆవిడ మీద పడుతుంది. 10 మీద ఇ పడే చోట మాత్రం ఏ ప్రయోగమూ వద్దు.

ఫల్సేటా, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే వాయించే భాగం, మాత్రం మీ సొంతం. అక్కడ ఆవిడ పాడరు కాబట్టి మీ జాజ్ ముచ్చట తీర్చుకోండి. మళ్లీ గొంతు ఎత్తే ముందు ఇల్లు చేరితే చాలు.

ఈసారి సాధనలో గిటార్ పక్కన పెట్టండి. ఆవిడని ఒక్క చరణం పాడమని, మీరు చప్పట్లతో కంపాస్ వేయండి. ఏ పదం దగ్గర ఏ స్వరం మీద ఆగుతున్నారో చీటీ మీద రాసుకోండి. ఆ చీటీ నాకు పంపితే, ఎక్కడ ఏ కార్డు ఇముడుతుందో వచ్చేసారి చూద్దాం.