స్కూలు బ్యాగు మోస్తే వెన్ను వంకర పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. ఈమధ్య ఒక భుజం ఎత్తుగా కనిపిస్తోంది. బరువైన స్కూలు బ్యాగు వల్లేనా?

జవాబు: బ్యాగు బరువుకు నడుం నొప్పి రావచ్చు గానీ స్కోలియోసిస్ (వెన్ను పక్కకు వంగిపోవడం) రాదు. సరిగా కూర్చోలేదని పాపను తిట్టకండి. ఈ వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి వెన్ను 10 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో వంగి ఉంటుంది. చాలామందిలో కారణం తెలియదు. ఇంట్లో ఎవరికైనా ఉంటే అవకాశం ఎక్కువ. వంపు ముదిరేది ఎక్కువగా ఆడపిల్లల్లోనే, అదీ రజస్వలకు ముందు గబగబా పొడుగయ్యే నెలల్లో.

కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకు వంగమనండి. వెనక నుంచి చూసినప్పుడు పక్కటెముకలు ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంటే ఎముకల డాక్టరుకు చూపించండి. నిలబెట్టి ఎక్స్‌రే తీయిస్తారు. వంపు 25 డిగ్రీలు దాటితే బ్రేస్ (వంపు ముదరకుండా ఒంటికి తొడిగే గట్టి పట్టీ) వేస్తారు. ఎదుగుదల ఆగాక బ్రేస్‌తో లాభం ఉండదు, కాబట్టి ఆలస్యం చేయకండి.