ఆటోమేటిక్ టర్బో కారు లాంచ్: బ్రేక్ మీద బూస్ట్ ఎక్కకపోతే

బ్రదర్, డ్రాగ్ రేస్ లైన్ దగ్గర బ్రేక్ తొక్కి యాక్సిలరేటర్ ఇస్తే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) 3 పీఎస్ఐ దగ్గరే ఆగుతోంది, ఇంకాస్త నొక్కితే కారు స్టేజ్ లైట్ (స్టార్ట్ లైన్ గుర్తు) దాటేస్తోంది అన్నారు. అందరూ ముందు టర్బోనే తిడతారు గానీ, ఇక్కడ దాని తప్పు లేదు. ఆర్‌పీఎం ఇంకా పెరుగుతుండగానే చక్రాలు కదిలితే బ్రేకులకు పట్టు చాలట్లేదు. చక్రాలు కదలకుండా ఆర్‌పీఎం ఒకచోట ఆగిపోతే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) స్టాల్, అంటే చక్రాలు ఆగి ఉండగా అది ఎక్కనిచ్చే గరిష్ఠ ఆర్‌పీఎం, తక్కువ. మీది మొదటి రకం. వెనక ప్యాడ్లు, బ్రేక్ ప్రెషర్ చూడండి.

ఎడమ కాలితో బ్రేక్ గట్టిగా తొక్కాకే కుడికాలితో గ్యాస్ మెల్లగా పెంచండి. ముందే గ్యాస్ ఇస్తే మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌కు గాలి వెళ్లే గొట్టాల్లో) వాక్యూమ్ పోయి, ఆ వాక్యూమ్‌తో పెడల్‌కు బలమిచ్చే బ్రేక్ బూస్టర్ సాయం తగ్గి, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అలా 2-3 సెకన్లకు మించి పట్టకండి. ఇంజిన్ శక్తంతా కన్వర్టర్‌లో వేడిగా మారి ఆయిల్ మాడుతుంది. రన్‌కీ రన్‌కీ మధ్య న్యూట్రల్‌లో ఐడిల్ చేస్తే వేడి ఆయిల్ కూలర్‌కు చేరుతుంది.

అప్పటికీ కారు ఆగకపోతే ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్స్‌నే లాక్ చేసి కారును ఆపే ఏర్పాటు) ఒక దారి. దాని బటన్ నొక్కితే ఫస్ట్, రివర్స్ గేర్లు రెండూ ఒకేసారి పట్టుకుంటాయి, బటన్ వదిలితే రివర్స్ విడిపోతుంది. అయితే మీ గేర్‌బాక్స్‌కు సరిపడే వాల్వ్ బాడీ (గేర్లకు ఆయిల్ ప్రెషర్ పంచే భాగం) దొరకాలి. పైగా బటన్ వదిలినప్పటి దెబ్బ యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది. లాంచ్‌లో టైర్లు తిరిగిపోతే ఫస్ట్ గేర్ బూస్ట్ తగ్గించండి.