గొర్రెల బీడులో నాటిన మొక్కలు ఎందుకు చచ్చిపోతున్నాయి?

ప్రశ్న: మాకు 12 ఎకరాల మిట్ట బీడు ఉంది. ఎర్ర గరుసు నేల. పైన గుండ్లు, కింద చిన్న వంక. 90 గొర్రెలను దాని మీదే మేపుతున్నాం. మా నాన్న కాలంలో మోకాలెత్తు గడ్డి ఉండేది, ఇప్పుడు సంక్రాంతి దాటితే మన్ను తప్ప ఏమీ కనపడదు. నిరుడు కందకాలు తవ్వించి, జూన్‌లో 500 సుబాబుల్, గ్లిరిసిడియా మొక్కలు నాటాను. తొలి పెద్ద వానకే కందకాలు తెగిపోయాయి. మొక్కలు 40 కూడా మిగల్లేదు. ఈసారి ట్రాక్టరుతో దున్ని గడ్డి విత్తనం చల్లమని ఊళ్ళో అంటున్నారు. మళ్ళీ డబ్బు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక గొర్రెల పెంపకందారు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: ముందు ఒక మాట. దున్నకండి. గరుసు నేలను పై నుంచి కిందిదాకా దున్నితే ఉన్న నాలుగు వేళ్ళ పట్టూ పోతుంది, మిగిలిన మెత్తటి మన్ను మొదటి వానకే వంకలో చేరుతుంది. ఆ డీజిల్ డబ్బులు దాచుకోండి.

మీ మొక్కలు ఎందుకు చచ్చాయో మీరే రాశారు: కందకాలు తెగిపోయాయని. కంటి అంచనాతో తవ్వితే కందకం ఒక చివర పల్లంగా ఉంటుంది. నీళ్ళన్నీ ఆ మూలకు పరుగెత్తి గట్టు తెంచుకుంటాయి. తర్వాతి వాన నుంచి అదే వాగు దారి. అంటే నీళ్ళు ఆపడానికి తవ్వినదే నీళ్ళను తొందరగా దించేస్తుంది.

మీ ప్రాంతంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ కురుస్తుంది. తక్కువే. కానీ జోర్డాన్‌లో బాదియా అనే ఎడారి మేతభూముల్లో 200 మిల్లీమీటర్లు కూడా పడదు. అక్కడ కూడా వాన నీళ్ళను గుంతల్లోకి మళ్ళించి, వాటి పక్కన పొద మొక్కలు నాటి మేత తెప్పిస్తున్నారు. మన సమస్య వాన తక్కువ కావడం కన్నా అది నిలవకపోవడం. లెక్క చూడండి. ఒక్క మిల్లీమీటరు వాన చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. ఒక రాత్రి 30 మిల్లీమీటర్లు కురిస్తే మీ ఎకరా మీద పడేది 1,20,000 లీటర్ల పైమాట. పై పొర గట్టిపడిన మీలాంటి నేలలో అందులో మూడోవంతు దొర్లిపోయిందనుకున్నా 40,000 లీటర్లు. పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకంలో సుమారు 850 లీటర్లు పడతాయి. ఎకరాకు 40 తవ్వితే 34,000 లీటర్లు. అంటే అలాంటి వానలో దొర్లిపోయే నీళ్ళలో చాలావరకు మీ బీడులోనే ఇంకుతాయి.

ఇక మట్టం తీయడం, అంటే వాలు మీద ఒకే ఎత్తులో సాగే గీతను పట్టుకోవడం. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. రెండు ఏడడుగుల కర్రల కొసలు కలిపి కట్టండి, కాళ్ళు చాపినట్టు విడదీసి మధ్యలో ఒక అడ్డకర్ర బిగించండి. పై ముడి నుంచి దారానికి ఒక రాయి వేలాడదీయండి. రెండు కాళ్ళ కిందా గుర్తు పెట్టుకుని, దారం అడ్డకర్రను తాకేచోట ఒక గీత గీయండి. తర్వాత కాళ్ళను అటుదిటు మార్చి అవే గుర్తుల మీద నిలబెట్టి ఇంకో గీత గీయండి. ఆ రెండు గీతల నడిమధ్యే మట్టం. ఇక ఒక కాలు కదలకుండా ఉంచి, రెండోదాన్ని దారం నడిమి గీత మీదికి వచ్చేదాకా పైకీ కిందికీ జరుపుతూ, ఒక్కో అడుగుకీ సున్నం గుర్తు వేసుకుంటూ పోండి. ఇద్దరుంటే ఒక పూటలో రెండెకరాలకు గుర్తులు పడతాయి. గీత పాములా వంకర్లు తిరుగుతుంది, కంగారుపడకండి, వాలు అలాగే ఉంటుంది.

ఆ గీత మీద పది అడుగులు తవ్వండి, పది అడుగులు వదలండి. 50 అడుగుల కిందికి వచ్చి తర్వాతి వరుస, పై వరుసలో వదిలిన ఖాళీకి ఎదురుగా. తవ్విన మన్ను ఎప్పుడూ పల్లం వైపే పోయండి. పైన గుండ్లున్న భాగంలో తవ్వొద్దు, అక్కడ రాళ్ళు ఏరి మట్టం గీత వెంట జానెడెత్తు వరుస పేర్చితే చాలు. పని పై నుంచి కిందికి రావాలి. కింద మొదలుపెడితే పై నీళ్ళన్నీ వచ్చి తెంచేస్తాయి. తవ్వడానికి ఉపాధి హామీ కింద వీలుందేమో మీ ఊరి ఫీల్డ్ అసిస్టెంటును అడిగి చూడండి.

మొక్క కందకం అడుగున నాటకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తేమ అక్కడే ఎక్కువ కదా అని నేనూ అలాగే నాటించాను. సెప్టెంబరు ముసురుకు వారం రోజులు నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోయాయి. గట్టు లోపలి వాలులో, నీటిమట్టానికి కాస్త పైన నాటండి. జూన్‌లో నాటడం కూడా మీ జిల్లాలో జూదమే. ముంగారు వాన ఒకటి పడి ఇరవై రోజులు ముఖం చాటేస్తుంది. ఆగస్టు రెండోవారం తర్వాత, మూర లోతు పదును అయ్యాక నాటితే బతికేవి ఎక్కువ.

ఏం నాటాలో చెప్పేముందు ఒక పని చేయండి. చీపురు పుల్లంత కూడా లేదనుకుంటున్న మీ బీడులో ఒకసారి వంగి చూస్తూ నడవండి. రేగు, తెల్లతుమ్మ, జమ్మి మొదళ్ళు చీలమండ ఎత్తులో, జీవాలు కొరికి కొరికి దిండులా గుబురుగట్టి కనపడతాయి. వాటి వేళ్ళకు ఎన్నేళ్ళ వయసుందో! మీరు తెచ్చే రూపాయి మొక్కకు ఆ వేరు రావాలంటే పదేళ్ళు పడుతుంది. ఒక్కో మొదలుకు గట్టి కొమ్మలు రెండు మూడు ఉంచి మిగతావి కోసి, చుట్టూ కంప వేయండి. తంగేడు, బందారు పొదలను కొట్టేయకండి. జీవాలు వాటిని ముట్టవు, అందుకే వాటి నడుమ గడ్డి దుబ్బులు ప్రాణం నిలుపుకుంటాయి. ఒక తంగేడు పొదను పక్కకు వంచి చూడండి, మీ నాన్నగారి కాలం గడ్డి అక్కడ దొరుకుతుంది.

మొక్కల సంగతి. సుబాబుల్‌కు లోతైన మన్ను కావాలి. అది మీకు వంక పక్కనే ఉంది, అక్కడ ఒక యాభై పెట్టుకోండి. మేతలో మూడోవంతు దాటనివ్వకండి, అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల ఉన్ని రాలుతుంది. నడిమి వాలులో నల్లతుమ్మ, జమ్మి, రేగు. తుమ్మకాయలు ఎండల్లో, మేత లేనప్పుడే రాలతాయి, గొర్రెలకు ప్రాణం. గరుసులో నారేపి విత్తనం నేరుగా గట్టులో పెట్టండి. ఏపి మాను అని కూడా అంటారు. తల్లివేరు బాగా దిగే జాతి, కవరులో పెంచితే వేరు మెలి తిరుగుతుంది. పెరుగుదల నిదానం, మీ పిల్లల కాలానికి అనుకుని పెట్టండి. సర్కారు తుమ్మ మాత్రం వద్దు. కాయలు తిన్న జీవాల పెంటికల్లోంచే అది 12 ఎకరాలూ ఆక్రమిస్తుంది.

గడ్డి విత్తనం అంజన్, స్టైలో హెమటా కలిపి వేయండి. ఎకరాకు అంజన్ రెండున్నర కిలోలు, స్టైలో నాలుగు కిలోలు. స్టైలో గింజ తోలు గట్టిది. మూడు చెంబుల మరిగే నీళ్ళలో ఒక చెంబు చన్నీళ్ళు కలిపితే సుమారు 80 డిగ్రీలవుతుంది. అందులో నాలుగైదు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టండి. అంజన్ విత్తనం కొత్తది కొనకండి, కోసి ఆరేడు నెలలైనదే బాగా మొలుస్తుంది. దూదిలా తేలికగా ఉండి గాలికి ఎగిరిపోతుంది కాబట్టి పేడ, బంకమన్ను కలిపి చిన్న ఉండలు చేయండి. గట్ల మీద, గట్లకు కింద నాలుగడుగుల పట్టీలో నేల గీరి చల్లితే చాలు, మిగతాది గడ్డే పాకించుకుంటుంది. స్టైలో పప్పుజాతి, ఎకరాకు ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ వేస్తే శెనక్కాయలాగే అందుకుంటుంది.

ఇప్పుడు మీకు నచ్చని విషయం. చదరపు మీటరు చట్రం ఒకటి చేసి, వానల తర్వాత పది చోట్ల గడ్డి కోసి, ఎండబెట్టి తూచండి. సగటున 100 గ్రాములు వస్తే ఎకరాకు 400 కిలోలు. మీ 12 ఎకరాలకు 4,800. అందులో సగం నేలకు, వేరుకు వదిలేయాలి. 30 కిలోల గొర్రె రోజుకు కిలో దాకా ఎండుమేత తింటుంది. మిగిలిన 2,400 కిలోలు మీ 90 గొర్రెలకు నెల రోజులు కూడా రావు. మీరు ఏడాదంతా అక్కడే మేపుతున్నారు. బీడు బాగుపడి ఎకరాకు టన్నున్నర వచ్చినా ఆ సగం లెక్కన వంద రోజుల మేత. దాన్ని ఫిబ్రవరి నుంచి మే దాకా ఆపదకు దాచుకున్న మేతగా చూడండి. మిగతా నెలలకు శెనక్కాయ కట్టె, కోత అయిన చేలు, ఊరి ఉమ్మడి భూములు. ముసలి, గొడ్డు గొర్రెలను ఈ దసరాకే అమ్మేస్తే మందలో పది పదిహేను తగ్గుతాయి.

పన్నెండూ ఒకేసారి మూసేయమంటే మీ వల్ల కాదు. ఈ ఏడు పై ఆరెకరాలు మూయండి. చుట్టూ కందకం తవ్వి గట్టు మీద కిత్తనార, గచ్చ పెట్టండి, అవి పెరిగేదాకా కంప. పక్క మందల వాళ్ళతో ముందే మాట్లాడుకోండి, చాటుగా కంచె వేసి తర్వాత గొడవపడే కన్నా అది మేలు. మూసిన భాగంలో గడ్డి కోసుకుపోవచ్చు, జీవాలు దిగకూడదు. గింజ రాలాక, అంటే జనవరిలో, గొర్రెలను దించవచ్చు. అప్పుడు వాటి గిట్టలే గింజను మన్నులో తొక్కుతాయి. మొక్కలకు కంప మాత్రం తీయొద్దు. మేకలుంటే రెండేళ్ళు ఆ పక్కకే రానివ్వకండి, అవి ముందుకాళ్ళు ఎత్తి ఐదడుగుల కొమ్మ కూడా దించుతాయి. రెండేళ్ళ తర్వాత కింది ఆరెకరాలు మూయవచ్చు.

మీ జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు కల్పవల్లి అనే ఊళ్ళ ఉమ్మడి అడవి ఉంది. 1990ల నుంచి ఊళ్ళవాళ్ళే కాపలా కాసి, నిప్పు పడకుండా చూసి వేల ఎకరాల బోడి గుట్టలను మళ్ళీ పచ్చబరిచారు. అక్కడ నాటినవాటి కన్నా కాపలాతో తిరిగి మొలిచినవే ఎక్కువ. బస్సు ఛార్జీ పెట్టుకుని నవంబరులో ఒకసారి చూసిరండి, మీ కొడుకునూ తీసుకెళ్ళండి.

ఇంకొక్కటి. బీడు పచ్చబడిన మొదటి ఏడు లేత గడ్డి మీద గొర్రెలు ఎగబడతాయి. చిటుక రోగం పట్టేది అప్పుడే, పొద్దున బాగున్న పిల్ల సాయంత్రానికి ఉండదు. వానలకు ముందే, మే నెలలో, పశువైద్యశాలలో ఆ టీకా వేయించండి.