కాంక్రీటు పడకముందే అడగాలి

సింగ్‌నగర్, విజయవాడ

అమ్మడూ,

పెద్దమ్మ దీవెనలు. మీ వీధికి సైడు కాలువ, సీసీ రోడ్డు వస్తున్నాయని, కొలతలకి మనుషులొచ్చి వెళ్లారని, ఆదివారం కాలనీ వాళ్లందరూ కూర్చుంటున్నారని చెప్పావు. కొత్తగా కార్యదర్శివయ్యావు కదా, ఏం మాట్లాడాలో తెలియక భయంగా ఉందన్నావు. భయం అక్కర్లేదు గానీ ఆలస్యం మాత్రం చేయకు. రోడ్డు వేసేశాక ఎంత మొత్తుకున్నా ఎవరూ తవ్వి మళ్లీ వేయరు. అడగాల్సిందంతా ఎస్టిమేటు, అంటే ఏ పని ఎంత ఖర్చుతో చేయాలో రాసే అంచనా, తయారవుతున్నప్పుడే అడగాలి.

మా ఇంటి సంగతి చూశావుగా. గృహప్రవేశం నాడు వీధిలోంచి వరండాలోకి నాలుగు మెట్లు ఎక్కాం. ఆ మెట్ల మీదే కూర్చుని మీ అమ్మ మామిడాకుల తోరణాలు గుచ్చింది. తర్వాత మూడుసార్లు రోడ్డు వేశారు. మూడుసార్లూ పాతది తవ్వకుండా దాని మీదే పోశారు. పోసినప్పుడల్లా వీధి పెరిగింది, మా వాకిలి గుంట అయింది. మూడోసారి నేను వెళ్లి అడిగితే, ‘ఎస్టిమేటులో తవ్వకం లేదమ్మా’ అన్నారు. ఆ మాట మొదటిసారే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. ఆ తర్వాత వీధి ఆరిపోయినా మా వాకిట్లో నీళ్లు నిలిచే ఉన్నాయి, బకెట్లతో ఎత్తిపోశాం. బుడమేరు పొంగితే ఏ సైడు కాలువా ఆపలేదు, నిజమే. దాన్ని వెలగలేరు నుంచి కొల్లేరు దాకా బాగు చేయాల్సిందే. కానీ శ్రావణమాసపు ముసురుకే ఇంట్లోకి నీళ్లొస్తున్నాయంటే అది లెవెల్లో జరిగిన తప్పు.

అందుకే ముందు మీ వీధి లెవెలు నువ్వే తీయించు. తాపీమేస్త్రీల దగ్గర సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, లెవెల్ పైపు అంటారు. అందులో నీళ్లు నింపుతారు. ఒక కొస ఒక గోడకి, రెండో కొస ఇంకో గోడకి ఆనిస్తే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. లోపల గాలి బుడగ ఉండకూడదు, ఉంటే లెక్క తప్పుతుంది. నీళ్లు నిలిచిన చోట ప్రతి ప్రహరీ మీదా ఎర్ర సుద్దతో గీత పెట్టించు. ఆ గీత నుంచి కిందికి టేపు పెట్టి ఇంటి గచ్చు ఎంత, రోడ్డు ఎంత, కాలువ అడుగు ఎంత అని డోరు నంబరు వేసి నోటు పుస్తకంలో రాసుకో. వీధంతా ఒక పూట పని. ఈ పని చూసే అసిస్టెంట్ ఇంజినీరు, ఏఈ గారి దగ్గరికెళ్లి ‘మా ఇళ్లు మునుగుతాయండీ’ అంటే అది ఆయన రోజూ వినే మాట. ‘చివరి ఇంటి గచ్చు కంటే మీ రోడ్డు అయిదంగుళాలు ఎత్తవుతుందండీ, పాత రోడ్డు తవ్వించి వేయండి’ అని పుస్తకం ముందు పెడితే ఆగి చూస్తారు.

కాలువ వెంబడే చివరిదాకా నడిచి కూడా రా. మీ వీధి నీళ్లు ఏ పెద్ద కాలువలో కలుస్తాయో కళ్లారా చూడు. కలిసే చోటు ఎత్తుగా ఉన్నా, మధ్యలో కల్వర్టు పూడిపోయి ఉన్నా మీ కొత్త కాలువ దోమల తొట్టి అవుతుంది. కల్వర్టు పూడిక కూడా ఈ పనిలోనే తీయించమని అర్జీలో మొదటి మాటగా రాయి.

ఇక అన్నిటికంటే కష్టమైనది మనవాళ్లతోనే. కాలువ మీద ర్యాంపులు, అరుగులు, బట్టలుతికే బండలు వేసుకున్నది మనమే కదమ్మా. అధికారులొచ్చి కొట్టేస్తామంటే ఆ రోజే వీధి రెండు వర్గాలవుతుంది, పని ఆగిపోతుంది. నేను ముందు మా ర్యాంపే కొట్టించాను. మీ పెదనాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు. కానీ ఎదురింటి వాళ్లు వారంలో వాళ్లది తీసేశారు. నువ్వూ మీ ఇంటి నుంచే మొదలుపెట్టు. బండి బయటికి తీయడానికి కాలువ మీద ఎత్తి తీయగలిగే పలకలు వేయమని అడగొచ్చు, పూడిక తీయడానికీ అవే వీలు.

ఆదివారం మీటింగుకి అద్దెకున్న వాళ్లని కూడా పిలు. ఇల్లు వాళ్లది కాకపోయినా ఆ నీళ్లలో నడిచేది వాళ్లే. సంతకాలు వాళ్లవీ తీసుకో. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల సంగతి చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఒకటి, సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు నగరపాలక సంస్థ ఆఫీసులో ఒకటి ఇవ్వు. రసీదు నంబరు లేకుండా వెనక్కి రాకు. ప్రభుత్వ ఫిర్యాదుల ఫోన్ 1100కి చేసినా నంబరిస్తారు. పేపర్లో అభ్యంతరాలు, సూచనలు కోరుతూ ప్రకటన పడితే గడువులోపు రాతపూర్వకంగానే ఇవ్వు, నోటిమాట ఫైల్లోకి ఎక్కదు.

ఎస్టిమేటు కాపీ మర్యాదగా అడిగితే చాలాసార్లు చూపిస్తారు. చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చట్టంలో సెక్షన్ 2(జె) చాలామందికి తెలియదు. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. గొడవకి కాదు, అవసరమైతే వాడుకోవడానికి గుర్తుపెట్టుకో.

పని మొదలయ్యాక వీధిలో రోజుకి ఇద్దరైనా దగ్గరుండేలా వంతులు వేయి. ముందు కుళాయి పైపుల లీకులు సరిచేయించాలి, మ్యాన్‌హోల్ మూతలు కొత్త రోడ్డు ఎత్తుకి లేపించాలి. మా వీధిలో ఒక మ్యాన్‌హోల్ కాంక్రీటు కిందే ఉండిపోయింది, మురుగు పొంగినప్పుడు ఎక్కడుందో తెలియక రోడ్డు రెండు చోట్ల పగలగొట్టారు. కాంక్రీటు పోశాక రెండు వారాల పాటు తడి ఆరనివ్వకండి. పనివాళ్లు గోనె సంచులు కప్పినా, మట్టి గట్లు కట్టి నీళ్లు నిలిపినా ఎండకి మధ్యాహ్నానికే ఆరిపోతుంది, అప్పుడు మీరు రెండు బకెట్లు పోస్తే తప్పు లేదు. ఎండలో పనిచేసే వాళ్లకి మజ్జిగ ఇవ్వండి, వాళ్లతో ఎప్పుడూ దురుసుగా మాట్లాడకండి.

మా ఇంటికి పనిచేసిన మేస్త్రీతో మాట్లాడాను. శనివారం పొద్దున లెవెల్ పైపు తీసుకుని మీ వీధికొస్తాడు. ఎర్ర సుద్ద, టేపు, నోటు పుస్తకం నువ్వు సిద్ధంగా పెట్టుకో. గొట్టం రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి, బాబుని బడికి పంపేశాక నేనే వస్తాను.

మీ పెద్దమ్మ